స్టాండు నొప్పి

రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకదాని మీద మూత పెట్టి, పున్నమ్మ బాత్రూము వైపు మూడోసారి చూసింది. లైటు వెలుగుతూనే ఉంది. నీళ్ళ చప్పుడు మాత్రం లేదు.

"ఏవయ్యా, టీ చల్లారిపోతోంది."

వెళ్ళి తలుపు తోసింది. లోపల సగం నిండిన బకెట్టు, గోడకు ఆనించిన చీపురు తప్ప మనిషి లేడు. లైటు వేసి, తలుపు దగ్గరగా మూసి, ఆమెను ఏమార్చి జక్రయ్య వెళ్ళిపోయాడు. అరవై మూడేళ్ళు నిండిన మనిషి చేసే పనేనా ఇది? మనవడు ఇలాంటి పని చేస్తే రెండు అంటించి ఉండేవాడు కదా తను!

పున్నమ్మ గుండె గుభేలుమంది. వీధి గుమ్మం దాకా వెళ్ళి చూసింది. గడియ తీసి ఉంది. చెప్పులు లేవు. పాలకు వెళ్ళాడేమో అనుకుందామంటే పాలు అప్పుడే కాచి దించింది. పేపరుకా? పేపరు గుమ్మంలోనే పడి ఉంది. ఆరు కావస్తోంది. బ్రాడీపేట సందుల్లో మంచు ఇంకా విడలేదు. కోచింగు సెంటర్లకు పోయే పిల్లలు మఫ్లర్లు చుట్టుకుని, స్కూటర్ల వెనక కూర్చుని కునికిపాట్లు పడుతూ పోతున్నారు. ఎక్కడా ఆయన తెల్ల చొక్కా కనబడలేదు.

'కెమెరా' అనుకుంది వెంటనే. కెమెరా ఇంట్లో ఉంటే మనిషి సందు చివర టీ కొట్టు దగ్గర ఉన్నట్టు. లేకపోతే పొలాల్లోకి పోయినట్టు. పొలాల్లోకి ఒంటరిగా పోయాడంటే... ఆ పై మాట అనుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

రెండేళ్ళ కిందటైతే ఇంత వెతుకులాట ఉండేది కాదు. ముందు గదిలోకి తొంగి చూస్తే సరిపోయేది. మేకుకు నల్ల సంచి, దాని కింద మూడు కాళ్ళ స్టాండు, మూలన లైటు గొడుగు. అవి ఉంటే ఆయన ఊళ్ళో ఉన్నట్టే. సంచీ స్టాండూ కలిసి పది పన్నెండు కిలోలు ఉండేవి. అంత సరంజామా భార్యకు తెలియకుండా గుమ్మం దాటించడం ఎవడి తరం? ఇప్పుడు కొన్నది సబ్బు పెట్టెంత కెమెరా. చొక్కా జేబులో వేసుకుంటే జేబు కిందికి లాగను కూడా లాగదు. దానికి ఒక చోటంటూ లేదు. ఒకరోజు బియ్యం డబ్బా మీద ఉంటుంది, ఒకరోజు దిండు కింద, ఒకరోజు ఆయన మందుల పెట్టెలో మాత్రల మధ్య.

పున్నమ్మ మూడు చోట్లా చూసింది. మేకుకు తగిలించిన రెండు చొక్కాల జేబులూ తడిమింది. టీవీ వెనక చూసింది. బీరువా పైన పెట్టాడేమోనని పీట వేసుకుని చేయి పైకెత్తింది. ఎత్తగానే ఎడమ భుజంలో ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. భుజం నుంచి మోచేతి దాకా దిగి, మళ్ళీ పైకి పాకి దవడ కింద ఆగింది. పీట మీదే నిలబడి, కళ్ళు మూసుకుని, అది పోయేదాకా బీరువా అంచు పట్టుకుంది.

"దిక్కుమాలిన స్టాండు నొప్పి" అనుకుంది.

ఆ ఇంట్లో ఆ నొప్పికి ఆ పేరు ఎప్పటినుంచో ఉంది. ముప్పై ఏళ్ళ పాటు ఆ స్టాండును మోసింది పున్నమ్మ. జక్రయ్య మెడలో కెమెరా, ఆమె ఎడమ భుజం మీద స్టాండు, కుడి చేతిలో లైటు గొడుగు. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఇంటి ప్రతిష్ఠలు, చీరాలలో చేనేత చీరల షాపుల ఫొటోలు, అన్నిటికీ అలాగే వెళ్ళేవాళ్ళు. హెల్పరును పెట్టుకోమని అందరూ అనేవారు. "మా పున్నమ్మ కంటే లైటు తెలిసినవాడు దొరకాలి కదా" అనేవాడాయన. ఆమె ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు. ఆమె ఫొటోలు కూడా ఇంట్లో మూడో నాలుగో ఉన్నాయి. ఎడమ భుజం కుడి దానికంటే వేలెడు కిందికి దిగిపోయింది. జాకెట్లు కుట్టే రహమతున్నీసాకు మాత్రమే ఆ సంగతి తెలుసు. ఏమీ అడక్కుండానే ఎడమ పక్క కొంచెం తగ్గించి కుడుతుంది.

రెండేళ్ళ కిందట జక్రయ్య గుండెకు స్టెంటు వేశారు. బరువులు ఎత్తకూడదన్నారు, ఒంటరిగా దూరాలు పోకూడదన్నారు. వారం తిరక్కుండానే పెద్ద కెమెరా, లెన్సులు, స్టాండు, గొడుగు అన్నీ అమ్మేసి ఈ చిన్నదాన్ని కొన్నాడు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, "నా గుండె సంగతి దేవుడు చూసుకున్నాడు, మా పున్నమ్మ భుజం సంగతి నేను చూసుకున్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. పున్నమ్మకు సిగ్గేసి తల దించుకుంది. ఆ తరవాత నొప్పి మళ్ళీ వచ్చినప్పుడు ఆయనతో ఎలా చెప్పడం? అమ్మేసిన కెమెరా తిరిగి వస్తుందా? చెప్పలేదు. క్రిస్మసు వెళ్ళినప్పటి నుంచీ ఎక్కువవుతోంది. మెట్లెక్కినా వస్తోంది. అమృతాంజనం రాసుకుని ఊరుకుంటోంది.

బీరువా మీద కెమెరా లేదు. ఆఖరి ఆశగా ఆయన సెల్లుకు ఫోను చేసింది. అది దిండు గలేబులోంచి మోగింది. గలేబులో దాచి మరీ వెళ్ళాడంటే ఇక అనుమానం లేదు. మనిషి పొలాల్లోకే పోయాడు.

ఒంటరిగా వెళ్ళనని మాటిచ్చాడు. ఒట్టు వేయకూడదని పాస్టరు గారు చెబుతారు కాబట్టి మాట మాత్రమే ఇచ్చాడు. ఒట్టు వేసి ఉంటే ఆగేవాడేమో!

పున్నమ్మ శాలువా కప్పుకుని, ఆయన మాత్రల చీటీ, నాలుక కింద పెట్టుకునే బిళ్ళల సీసా కొంగున ముడేసుకుని, తాళం వేసి సందు చివరకు నడిచింది. అలీ సాహెబ్ ఆటో అద్దం తుడుచుకుంటున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్లో వాళ్ళ సరంజామా అంతా మోసిన ఆటో అది.

"సాయిబు గారూ, మా ఆయన్ని గానీ చూశారా?"

"ఐదున్నరకే పోయాడక్కా ఇటేపు. వాకింగనుకున్నా. చేతిలో ఏమీ లేదుగా."

చేతిలో ఏమీ లేదు! పున్నమ్మకు ఏడుపొచ్చింది. సంచీ ఉంటే ఈయనే ఆపి, అక్క ఏదని అడిగి ఉండేవాడు కదా.

"బస్టాండు వైపేనా?"

"అటే. ఏవైందక్కా?"

ఆమె ఆలోచించింది. జక్రయ్య ఎక్కడికి పోతాడో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆమెకు తెలుసు. క్యాలెండరుకు పన్నెండు బొమ్మలు కావాలి, పదకొండు అయిపోయాయి. మిగిలింది మంచులో ఎర్ర మిరప. ఏటా చర్చిల్లో పంచే బైబిలు వాక్యం క్యాలెండర్లు బ్రాడీపేటలో శ్రీమన్నారాయణ గారి ప్రెస్సులోనే అచ్చవుతాయి. వాటి మీద ఎప్పుడు చూసినా ఎవరూ వెళ్ళని దేశాల మంచు కొండలు, నీలం చెరువులు. ఈసారి మన పొలాలు వేయండని జక్రయ్య నెలరోజులు ఆయన వెంటపడ్డాడు. "మా అమ్మ నడుం పడిపోయేదాకా మిరపకాయ కోసిన చేను కంటే ఆ కొండ గొప్పదాండీ?" అన్నాడు. శ్రీమన్నారాయణ గారు ముందు ఆ చిన్న కెమెరాను చూసి పెదవి విరిచారు. ఒక బొమ్మను గోడంత అచ్చు వేసి చూసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, సరే అన్నారు.

మంచు బాగా పట్టేది పర్చూరు దారిలో ఉన్న నల్లరేగడి మీద. సూర్యుడు పైకొచ్చాక కూడా ఎనిమిది దాకా విడదు. పోయినవారం వాళ్ళ చుట్టం రెబ్కా కూతురి పెళ్ళి చూసుకుని పర్చూరు నుంచి బస్సులో వస్తుంటే, పెదనందిపాడు ఇంకా రాకముందు ఒక చేను, దాని చివర జంట తాటిచెట్లు కనబడితే, జక్రయ్య కిటికీ అద్దం మీద వేలితో కొట్టి "ఇదీ" అన్నాడు. అంతే అన్నాడు. ఆమెకు చాలు.

"పెదనందిపాడు దాటి పోవాలి. త్వరగా పోనివ్వండి" అంది ఆటోలో కూర్చుంటూ.

ఊరు దాటాక మంచు రోడ్డు మీద గోడకట్టినట్టు నిలబడి ఉంది. ఎదురొచ్చే లారీల లైట్లు దగ్గరికొచ్చేదాకా తెలియడం లేదు. పున్నమ్మ ముందుకు వంగి, సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. భయం ఒకటా రెండా? చేనులో కూలబడితే చూసేవాడు ఉండడు. మొక్కలు నడుమెత్తు ఉంటాయి, మనిషి పడి ఉన్నా కనబడడు. అడవిపందులు రాకుండా గట్ల వెంట కరెంటు తీగలు కడుతున్నారట, మొన్న ఎవరో తగులుకుని పోయారని పేపర్లో వేశారు. ఈయన బొమ్మ చూసుకుంటూ నడుస్తాడు తప్ప కాలి కింద చూడడు. మందు కొట్టిన చేలో ఆ గాలి పీల్చుకుంటూ నిలబడతాడు. అన్నిటికీ మించి, మనుషులు.

పదేళ్ళ పైమాట. తుళ్లూరు దగ్గర రాజధాని కోసం భూములు తీసుకుంటున్న రోజులవి. ఎవరిది ఉంటుందో ఎవరిది పోతుందో తెలియక జనం ఉడికిపోతున్నారు. ఆ సంగతి పట్టించుకోకుండా ఈయన అరటి తోటల పక్కన స్టాండు నిలబెట్టి, కెమెరాలో కన్ను పెట్టి పొలం చూస్తున్నాడు. మనుషుల్ని తీస్తే ఫొటో. మనిషన్నవాడు లేని పొలాన్ని మూడు కాళ్ళ స్టాండు మీంచి చూస్తే అది సర్వే. అప్పుడక్కడ చిన్న పిల్లలకు కూడా అది తెలుసు. పది నిమిషాల్లో ముప్పై మంది చుట్టుముట్టారు. "ఎవడ్రా నువ్వు? మా పొలం కొలవమని ఎవడు పంపాడు?" అని ఒకడు ఈయన కాలరు పట్టుకున్నాడు. కెమెరా అంటే నమ్మలేదు, కల్యాణం ఫొటోలు చూపించినా నమ్మలేదు. పున్నమ్మ అడ్డం పడి, ఏడ్చి, దణ్ణాలు పెట్టి, స్టాండు భుజాన వేసుకుని ఆయన చెయ్యి పట్టుకుని మైలు దూరం పరుగెత్తింది. ఆ పరుగు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఇప్పుడు మళ్ళీ రింగురోడ్డంటున్నారు, ఇంకేదో అంటున్నారు. ఎవరి మనసు ఎలా ఉందో! ఒంటరివాడు దొరికితే ఏం చేస్తారో!

"తండ్రీ, కాపాడు. ఈ ఒక్కసారి కాపాడు" అని పైకే అంది. అంత చలిలోనూ ఆమె నుదుట చెమట పట్టింది. కొంగుతో తుడుచుకుంది. కడుపులో తిప్పుతోంది. పొద్దున్నే టీ కూడా తాగలేదు కదా, అందుకే అనుకుంది.

"ఏం కాదక్కా. అల్లా ఉన్నాడు" అన్నాడు అలీ సాహెబ్ వెనక్కి తిరక్కుండా.

జంట తాళ్ళు ముందు ఆమెకే కనబడ్డాయి. ఆటో దిగి రోడ్డు పక్క గట్టెక్కేసరికి ఊపిరి ఆడలేదు. చేనంతా పండి ఎర్రబడింది. దాని మీద మోకాలెత్తున మంచు తేలుతోంది. ఇవతలి అంచున ఎనిమిది మంది ఆడవాళ్ళు నడుముకు గోతాలు కట్టుకుని, ముక్కులకు గుడ్డలు చుట్టుకుని కాయ కోస్తున్నారు. అందరూ దగ్గుతున్నారు, మాట్లాడుకుంటున్నారు, నవ్వుతున్నారు. అవతల కల్లంలో నిన్న మొన్న ఎండబోసిన కాయ మీద పరదాలు తీస్తున్నారు. అక్కడి నుంచి ఘాటు వచ్చి ముక్కులో కొట్టింది.

"అమ్మా, ఫొటోలు తీసే ముసలాయన ఎవరైనా వచ్చాడా ఇటు? తెల్ల చొక్కా, కళ్ళజోడు..."

ముఠాకు పెద్దది కాబోలు, నాంచారమ్మ అనే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టి లేచింది. "వచ్చాడమ్మా. ముందు సర్వేవోడేమో అని మా వోళ్ళు కసురుకున్నారు. జేబులోంచి సెల్లులాంటిది తీసి చూపించాడు. పెద్దాయన, ఏదో సరదా పడతన్నాడులే అని వదిలేశాం. అదుగో, ఆ సాళ్ళల్లోకి పోయాడు. ఇందాక నుంచి అలికిడి లేదు మరి."

అలికిడి లేదన్న మాట వినగానే పున్నమ్మ నాంచారమ్మ చూపిన వైపు చూసింది. ముందు మంచు, మొక్కలు, ఎరుపు. తరవాత సాళ్ళ మధ్య నేల మీద తెల్లగా కనబడింది. చొక్కా. మనిషి బోర్లా పడి ఉన్నాడు. కాళ్ళు బారుగా చాపి ఉన్నాయి. కదలడం లేదు.

పున్నమ్మ పరుగెత్తింది. చెప్పు ఒకటి రేగడిలో దిగబడి ఊడిపోయింది. కొమ్మలు చీరను పట్టి లాగుతున్నాయి. "ఏవయ్యో! ఏవయ్యో!" అని అరుస్తూ, మొక్కలు తొక్కుకుంటూ పరుగెత్తింది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఎడమ చెయ్యి మొద్దుబారి పక్కన వేలాడుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియను కూడా తెలియలేదు.

బోర్లా పడి ఉన్న మనిషి తల పక్కకు తిప్పాడు.

"ఇష్! మొక్కలు కదిలిస్తావేమే! మంచుబొట్లు రాలిపోతాయి!"

పున్నమ్మ అక్కడే మోకాళ్ళ మీద కూలబడింది. కోపం, ఏడుపు, నవ్వు అన్నీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కుడి చేత్తో ఆయన వీపు మీద నాలుగు గుద్దులు గుద్దింది. "చచ్చావనుకున్నానయ్యా! దొంగమనిషీ! చచ్చావనుకున్నాను!"

"చచ్చినోడు కళ్ళజోడు సర్దుకుంటాడటే?" అన్నాడు జక్రయ్య లేచి కూర్చుంటూ. చొక్కా ముందుభాగమంతా నల్లమట్టి. గడ్డానికి కూడా మట్టే. కళ్ళు మాత్రం పెళ్ళినాటి కళ్ళలాగే ఉన్నాయి. "ఇటు చూడు. నేలకు జానెడెత్తున పెట్టానే కెమెరా! కాయ చివర బొట్టు, దాని వెనక చేను, చేను వెనక తాళ్ళు. ఆ పెద్దదానితో ఇలా పడుకోగలనా? స్టాండు దించి, కాళ్ళు విప్పి, లెన్సు మార్చేసరికి మంచు కాస్తా పోయేది. ఇదైతే ఇట్టా జేబులోంచి తీశానా, అట్టా నొక్కానా. చెయ్యి వణికినా బొమ్మ వణకదు. గట్ల మీద నడుస్తుంటే రెండు చేతులూ ఖాళీ. పడిపోయే భయం లేదు. వీళ్ళంతా నన్ను చూసి భయపడలేదు, నేను వీళ్ళను చూసి భయపడలేదు. ఇన్నేళ్ళూ అంత బరువు ఎందుకు మోశామే మనం?"

ముప్పై ఏళ్ళు అలా ఒక్క మాటలో తేల్చేశాడు.

"మాటిచ్చావు కదయ్యా ఒంటరిగా పోనని" అంది పున్నమ్మ.

జక్రయ్య తల దించుకున్నాడు. "రాత్రంతా మూలుగుతూనే ఉన్నావు. ఎడమ పక్కకు ఒత్తిగిల్లలేకపోయావు. నిద్రలో ఉన్నాననుకున్నావు కానీ, నేను చూస్తూనే ఉన్నా. అలాంటిదాన్ని లేపి మంచులో తిప్పమంటావా? ఈ కెమెరాకు ఇద్దరెందుకులే అనుకున్నా."

దొరికిపోయినట్టయింది ఆమెకు.

"చలికి పట్టేసిందిలే."

"స్టాండు అమ్మేసి రెండేళ్ళయింది. ఇంకా నొప్పేంటే?"

"ముప్పై ఏళ్ళ నొప్పి రెండేళ్ళకే పోతుందా?" అంది పున్నమ్మ. అని, నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. మట్టి చేత్తో ఆమె ఎడమ భుజం కాసేపు పిసికాడు. ఎన్నిసార్లు చేసిన పనో అది. పెళ్ళివారింటి అరుగుల మీద, బస్టాండు బెంచీల మీద, ఎక్కడ కూర్చుంటే అక్కడ.

"ఇంకొక్కటి తీసుకుని పోదాం. మంచు లేస్తోంది. తూర్పున ఆ మబ్బు తునక తప్పుకుంటే చేనంతా భగ్గుమంటుంది. చెబుతావుగా?"

"ఇద్దరెందుకన్నావుగా?" అంది ఆమె.

"లైటుకు ఎందుకన్నానా? బరువుకు అన్నాను."

ఎప్పుడూ అంతే వాళ్ళ పని. కెమెరాలో చూసేవాడికి బొమ్మ కనబడుతుంది కానీ ఆకాశం కనబడదు. మబ్బు ఎప్పుడు తప్పుకుంటుందో చూసి చెప్పడం పున్నమ్మ పని. వెలుగు సరిగ్గా పడే క్షణానికి "వచ్చింది" అంటుంది. ఆ మాట కోసం ఆయన వేలు మీట మీద పెట్టుకుని కాచుకుని ఉంటాడు. ఆమె అనకముందు నొక్కిన బొమ్మ ఏదీ బాగా రాలేదని ఆయన నమ్మకం.

ఆయన భుజం మీది తుండు తీసి గట్టు మీద పరిచాడు. ఆమెను దాని మీద ఓ పక్కగా కూర్చోబెట్టాడు. నాంచారమ్మ దోసిటి నిండా పండుమిరపకాయలు తెచ్చి తుండు మీద పోసింది. "కొరివికారం నూరుకో అక్కా. ఇయ్యాళ కోసినయ్యే" అంది. పున్నమ్మ మొహం చూసి, "ఏంటక్కా అంత చెమట? అలవాటు లేనోళ్ళకి ఘాటు అట్టాగే ఎక్కుద్ది. ఆయాసం కూడా వస్తది. కాసేపు గాలికి కూర్చో, సర్దుకుంటది" అంది. తెచ్చిన నీళ్ళు రెండు గుక్కలు తాగించి తన సాలులోకి పోయింది.

ఘాటే, అనుకుంది పున్నమ్మ. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. పరుగెత్తిందిగా, అందుకు. భుజం సంగతి సరే సరి. కళ్ళ ముందు చేను ఒకసారి మసకబారి మళ్ళీ తేటపడింది. తుండు మీద కాయలు తళతళలాడుతున్నాయి. చీరాలలో టీచరుగా చేస్తున్న కూతురు జాస్మిన్‌కు కొరివికారమంటే ప్రాణం. ఎలాగూ కూర్చునే ఉన్నాను కదా అని ఒక్కొక్కటే తీసి ముచ్చికలు తీయడం మొదలుపెట్టింది. తీసినవి ఒక పక్క, తీయనివి ఒక పక్క.

నలభై అడుగుల దూరంలో జక్రయ్య మళ్ళీ నేల మీద పడుకున్నాడు. ఈసారి భయం వేయలేదు. ఎంత కాలమైంది భయం లేకుండా కూర్చుని! ఆసుపత్రి రోజు నుంచి ఈ రోజు దాకా, రాత్రి లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూడని రోజు లేదు. అదిగో, అరికాళ్ళు ఆడిస్తున్నాడు చిన్నపిల్లాడిలాగా. బతికే ఉన్నాడు. నా తండ్రి నా మొర విన్నాడు. ఇంకేం కావాలి? పున్నమ్మకు ఎంతో హాయి అనిపించింది. కొంచెం నిద్ర కూడా వస్తోంది. తూర్పు వైపు మబ్బు అంచు తెల్లబడుతోంది.

జక్రయ్య కెమెరా చిన్న తెరలో చూస్తూ కాచుకుని ఉన్నాడు. ఎడమ నుంచి వెలుగు మెల్లగా చేను మీదికి పాకింది. మొదట తాటిమట్టలు, తరవాత కల్లం, తరవాత కోతకొచ్చినవాళ్ళ వంగిన వీపులు. చేనంతా ఎర్రగా భగ్గుమంది. ఇదే, ఇంతకు మించిన వెలుగు ఇంకొకటి రాదు. వేలు మీట మీదే ఉంది. ఆమె మాట రాలేదు. ఇంకా పూర్తిగా రాలేదు కాబోలు అనుకున్నాడు. తనకు కనబడని మబ్బేదో ఆమెకు కనబడుతోంది కాబోలు అనుకున్నాడు. వెలుగు పలచబడడం మొదలయింది.

"ఏమే, వచ్చిందిగా?" అన్నాడు.

తల తిప్పి చూశాడు. పున్నమ్మ గట్టు మీద పక్కకు ఒరిగి ఉంది. చేతిలో ఒక కాయ ఉంది. కళ్ళు తూర్పు వైపే తెరుచుకుని ఉన్నాయి.

ఆ తరవాత కాసేపు అందరూ ఒకేసారి అరిచారు. కోతకొచ్చినవాళ్ళు గోతాలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఆమె కొంగున ముడేసుకున్న బిళ్ళల సీసా జక్రయ్య కోసం తెచ్చిందని ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ముడి విప్పి ఆమె నాలుక కింద ఒక బిళ్ళ పెట్టాడు. నాంచారమ్మ, ఇంకో ఇద్దరు కలిసి ఆమెను మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టారు. అలీ సాహెబ్ హారను మీద చెయ్యి తీయకుండా పెదనందిపాడు దాకా తోలాడు. దారిలోనే ఆమె చెయ్యి చల్లబడడం జక్రయ్యకు తెలిసింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

చిన్న ఆసుపత్రి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయికి జాస్మిన్ వయసు ఉంటుంది. చాలాసేపు చూసింది. తరవాత మెడలో గొట్టం తీసేసి, ఆయన్ని బల్ల మీద కూర్చోమంది.

"గుండెండీ. చాలా రోజుల నుంచీ ఉండి ఉంటుంది. మెట్లెక్కినప్పుడు ఆయాసం గానీ, ఎడమ భుజం లాగడం గానీ ఉండేదాండీ ఆవిడకి?"

"అబ్బే, అది గుండె కాదండీ" అన్నాడు జక్రయ్య ఆత్రంగా, ఆమె పొరపాటు సరిదిద్దితే పున్నమ్మ లేచి కూర్చుంటుందన్నట్టు. "అది స్టాండు నొప్పండీ. మాకు పెద్ద స్టాండుండేది. తనే మోసేది. అమ్మేశాం కూడా..."

అని ఆగిపోయాడు. అలీ సాహెబ్ గుమ్మం దగ్గర నిలబడి గోడ వైపు తిరిగాడు. జక్రయ్య అటూ ఇటూ చూసి, తన ఎడమ భుజం మీద తన చెయ్యే వేసుకుని, అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

చేనులో ఎండ ముదిరింది. మంచు పూర్తిగా పోయింది. కోతకొచ్చినవాళ్ళు చాలాసేపు కూలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ సాళ్ళలోకి దిగారు. గట్టు వైపు ఎవరూ పోలేదు. అక్కడ తుండు పరిచినది పరిచినట్టే ఉంది. దాని మీద ఒక పక్క ముచ్చికలు తీసిన పండుమిరపకాయలు, ఇంకో పక్క తీయాల్సినవి.